వంపుల మేస్త్రి పడవ ట్రెయిలర్‌కి బ్రేకులు వేసిన రోజు

వంపుల మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. బ్రేకు ఆయిల్ పారే సన్నపాటి గొట్టాన్ని ఆయన వంచితే ఎక్కడా సొట్ట పడదు, మలుపు మలుపుకీ ఒకే గుండ్రం. బండి కింద బురదలో, ఎవరి కంటా పడని చోట ఉండే పైపుకి అంత సింగారం దేనికయ్యా అని తోటి మెకానిక్కులు ఆటపట్టించేవారు. "కింద పడుకునేది నేను కదా, నా కంటికి బాగుండొద్దూ?" అనేవాడాయన. ఆ జవాబు వినీ వినీ వాళ్ళకి విసుగొచ్చింది గానీ ఆయనకి రాలేదు.

షెడ్డులో రెండో మనిషి ఆయన భార్య. వీధి మొత్తానికీ పిన్ని. కొత్త పైపులు వేశాక వాటిలో చిక్కుకున్న గాలినంతా బయటికి తియ్యాలి, లేకపోతే ఎంత నొక్కినా బ్రేకు సరిగ్గా పట్టదు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడల్ నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ అనే బుల్లి మర తిప్పి గాలి వదలాలి. "నొక్కు" అని కింద నుంచి ఆయన. "నొక్కా" అని పైనుంచి ఆవిడ. "వదులు." "వదిలా." మా కాపురంలో సగం మాటలు ఇవేనని పిన్ని నవ్వేది. ఆ నొక్కడంలో ఆవిడకి ఒక నేర్పుంది. లోపల చిటికెడు గాలి మిగిలినా తెలిసిపోయేది. "ఇంకా మెత్తగా ఉంది" అందంటే మళ్ళీ మొదటికి. "రాయి" అందంటే పని అయినట్టు. ఆ మాట పడకుండా ఏ బండీ షెడ్డు దాటలేదు.

అలాంటి మనిషి వానాకాలంలో ఒక పొద్దున చేతిలో నీళ్ళ గ్లాసు జారవిడిచింది. కుడిచెయ్యి లేవలేదు, మూతి పక్కకి పోయింది, మాట ముద్దగా వచ్చింది. ఆసుపత్రి ఏటికి అవతల. ఏరు పొంగి వంతెన మునిగిపోయింది. మేస్త్రి వీధిలోకి పరిగెత్తాడు.

ఆదుకున్నది పక్క వీధి పడవ అన్నదమ్ములు, పెద్దోడూ చిన్నోడూ. చిన్నోడికి జుట్టు నెరుస్తోంది గానీ పేరు మాత్రం ఇంకా పెద్దది కాలేదు. వాళ్ళ పడవ ట్రెయిలర్ మీద ఉంటుంది. జీపుకి తగిలించి రేవుకి దించుతారు. ఆ దారి మహా ఏటవాలు. ట్రెయిలర్ బ్రేకు పైపులు ఎప్పుడో తుప్పు పట్టి పోయాయి. మాటిమాటికీ నీళ్ళలో మునిగే బండికి ఇనుప పైపులు ఎన్నాళ్ళని నిలుస్తాయి? అందుకని పెద్దోడు జీపు నడుపుతుంటే, చిన్నోడు ట్రెయిలర్ చక్రం పక్కనే ఒక కొయ్య దిమ్మ పట్టుకుని పరిగెత్తేవాడు. ట్రెయిలర్ జీపుని తోసుకుపోతోందనిపిస్తే చక్రం ముందు దిమ్మ పడేసేవాడు.

ఆ రోజు జోరువానలో అలాగే దించారు. పిన్నిని ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చున్న మేస్త్రికి వెనకనుంచి ట్రెయిలర్ తోసే ప్రతి తోపూ వెన్నులో తెలిసింది. చిన్నోడు ఒకసారి జారి పడ్డాడు. అద్దంలోంచి అది చూసి మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి చిన్నోడు మళ్ళీ దిమ్మ పట్టుకుని పరిగెడుతున్నాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కినా ఆ చెయ్యి దక్కేది కాదు" అన్నారు ఆసుపత్రిలో.

ఆవిడ కోలుకునేదాకా మేస్త్రి ఒంటరిగానే పని చేశాడు. బ్రేకు పెడల్‌కి కర్ర అడ్డం పెట్టి, కిందకి దూరి, అలవాటు కొద్దీ "నొక్కు" అనేవాడు. అని, నాలుక కరుచుకునేవాడు. కర్ర ఏం జవాబు చెబుతుంది?

పిన్ని నడుస్తూ ఇంటికొచ్చిన వారంలోనే మేస్త్రి అన్నదమ్ముల గుమ్మంలో వాలాడు.

"రేపు మీ ట్రెయిలర్ నా షెడ్డులో ఉండాలి."

"ఇప్పుడెందుకు బాబాయ్, ముందు పిన్నిని చూసుకో" అన్నాడు పెద్దోడు.

"దాన్ని చూసుకునే భాగ్యం నాకు మిగిల్చింది మీరే కదరా. మాట్లాడకుండా తోలుకురండి."

కుళ్ళిన పైపులన్నీ పీకేశాడు. నీళ్ళకి తుప్పు పట్టని రాగి కలిసిన గొట్టం తెప్పించాడు. చక్రాలని పట్టి ఆపే క్యాలిపర్లు కొత్తవి పెట్టాడు. జీపుకి తగిలే ట్రెయిలర్ ముక్కు దగ్గర కొత్త సిలిండర్ బిగించాడు. జీపు ఆగినప్పుడు ట్రెయిలర్ ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే సిలిండర్ నొక్కుకుని ఆయిల్‌ని చక్రాల దాకా పంపుతుంది. ఏ తోపుకి ఆ రోజు ఆయన ప్రాణం విలవిల్లాడిందో, ఇకమీదట అదే తోపు బ్రేకు వెయ్యాలి. ఆ సంగతి తలుచుకుని తలుచుకుని మురిసిపోయాడు. ఇరుసు కదిలే చోట రబ్బరు పైపు వదులుగా వదిలాడు, అడుగడుగునా క్లిప్పు కొట్టాడు. ఇక వంపులంటారా, జన్మలో అంత ముద్దుగా వంచి ఉండడు. ఉత్సాహంలో నట్టు తొడగకుండానే గొట్టం కొస వెడల్పు చేసేసి, ఇక నట్టు ఎక్కదని తనని తాను తిట్టుకుని, కొత్త ముక్క కోశాడు.

సాయంత్రం గాలి తియ్యాల్సి వచ్చింది. అన్నదమ్ములు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎగువన వానలు మొదలయ్యాయట, తెల్లారితే పడవ దించాల్సి రావచ్చు.

"కడ్డీ నేను పట్టుకుంటా" అంది పిన్ని.

"నువ్వా? చిన్నోడున్నాడుగా."

"వాడికేం తెలుసు?" అని ముక్కు దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చుని, సిలిండర్‌ని నొక్కే కడ్డీని కుడిచేత్తోనే పట్టుకుంది.

"నొక్కు."

"నొక్కా."

మేస్త్రి పానా అందుకున్నాడు. నిపిల్ తిప్పాడు. ఆయిల్ మోచేతి దాకా కారి చొక్కా తడిసింది. అదేమీ పట్టించుకోలేదు. బుడగలు వచ్చాయి, ఆగాయి, శుభ్రమైన ఆయిల్ వచ్చింది.

"ఇంకా మెత్తగానే ఉందండీ" అంది పిన్ని.

మళ్ళీ తీశాడు. రెండో చక్రానిదీ తీశాడు. ఒక్క బుడగ లేదు.

"మెత్తగానే ఉంది."

"ఇంక గాలి ఎక్కడుందే? నీ చెయ్యే ఇంకా మెత్తగా ఉందేమో" అన్నాడు. నోరు జారాక తెలిసింది ఏమన్నాడో.

పిన్ని కడ్డీ వదిలి తన చేతి వంక చూసుకుంది. "అయ్యుండొచ్చు" అంది.

ఆ మాట ఆవిడ నోట ఆయన ఎన్నడూ వినలేదు. పైకొచ్చి తనే నొక్కి చూశాడు. గట్టిగానే తగిలింది. "బాగానే ఉంది కదా బాబాయ్, తీసుకుపోతాం" అన్నాడు పెద్దోడు. నిజమే, తీసుకుపోవచ్చు. కానీ బ్రేకు సరిగ్గా ఉందంటే పిన్ని చేతిలో ఆ పట్టు పోయినట్టే. చెయ్యి సరిగ్గా ఉందంటే బ్రేకులో తప్పున్నట్టు, ఆ దిగుడులో చక్రం పక్కన మళ్ళీ ఎవరో ఒకరు పరిగెత్తాల్సిందే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వంపుల మేస్త్రి తన పని తప్పు కావాలని కోరుకున్నాడు.

"ఆగండ్రా" అని మళ్ళీ కిందకి దూరాడు.

లైటు దగ్గరగా పట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. చొక్కా చెయ్యి చల్లగా ఒంటికి అంటుకుంది. అప్పుడు తట్టింది. ఎన్ని బండ్లకి గాలి తీశాడు, ఎప్పుడైనా మోచేతి దాకా ఆయిల్ కారిందా? నిపిల్ పైకి చూస్తూ ఉండాలి. ఇది నేలవైపు చూస్తోంది. లోపలి గాలి పైకెక్కి మూలన హాయిగా కూర్చుంటే, కింది చిల్లులోంచి శుభ్రమైన ఆయిల్ రాక ఏమవుతుంది? ఎడమ చక్రం క్యాలిపర్ కుడికీ, కుడిది ఎడమకీ బిగించాడు. పొరపాటున కూడా కాదు. అలా పెడితే పైపు పైనుంచి అందంగా వంగి దిగుతోందని, బోల్టులు ఎలాగూ సరిపోయాయి కదా అని, చేతులారా పెట్టాడు. సింగారం కళ్ళు కప్పేసింది.

ట్రెయిలర్ కింద నుంచి పకపకా నవ్వు వినపడింది.

"ఏమయిందండీ?" అంది పిన్ని కంగారుగా.

"నీ చెయ్యి బాగుందే! నీ చెయ్యి బంగారంలా ఉందే! నా తలకాయే మెత్తబడింది!"

క్యాలిపర్లు రెండూ విప్పి అటుది ఇటు మార్చాడు. జన్మలో ఎన్నడూ వంచనంత ముద్దయిన ఆ వంపుల్ని కత్తిరించి పారేశాడు. వాటి చోట వేసినవి కాస్త వంకరగానే కుదిరాయి. చిన్నోడు ఊరుకోకుండా "ఇదేం వంపు బాబాయ్?" అన్నాడు. "పనిచేసే వంపురా" అన్నాడు మేస్త్రి.

మళ్ళీ నొక్కు, నొక్కా, వదులు, వదిలా. ఈసారి ఒక పెద్ద బుడగ బుడుంగుమని వచ్చింది, దాని వెనకే పిల్ల బుడగలు. పిన్ని కడ్డీ మీద వాలి, నొక్కి, ఇంకా నొక్కి, తలెత్తింది.

"రాయి" అంది. అని, కొంగు కళ్ళకి అద్దుకుంది.

వెలుతురు ఉండగానే దిగుడులో తోలి చూశారు. మేస్త్రీ పిన్నీ ఆ రోజు కూర్చున్న చోటే కూర్చున్నారు. చిన్నోడు అలవాటు పోక దిమ్మ పట్టుకుని పక్కనే నడిచాడు. సగం దారిలో పెద్దోడు బ్రేకు వేశాడు. వెనకనుంచి చిన్న కుదుపు, అంతే. జీపు ఆగింది, దాని వెనక ట్రెయిలర్ బుద్ధిగా ఆగింది. చిన్నోడు మాత్రం ఆగకుండా నాలుగడుగులు ముందుకి పోయి, వెనక్కి తిరిగి చూసి, దిమ్మని ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక చిన్నోడు ఆ దిమ్మని ట్రెయిలర్ ముక్కు దగ్గర పెట్టి, "డబ్బా మీద కూర్చోకు పిన్నీ, ఇక ఇది నీదే" అన్నాడు. పిన్ని దాని మీద కూర్చుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

అన్నదమ్ములు జీపు తిప్పుకోవడానికి వెళ్ళారు. ఎక్కడైనా ఆయిల్ చెమ్మ ఉందేమో చూడటానికి మేస్త్రి ఆఖరిసారి కిందకి దూరాడు. ఎక్కడా లేదు. అయినా బయటికి రాలేదు.

"నొక్కు" అన్నాడు.

"అంతా అయిపోయిందిగా, మళ్ళీ ఎందుకు?"

"ఊరికేనే. ఒకసారి అను."

పైన కడ్డీ కదిలింది.

"నొక్కా" అంది పిన్ని.

మేస్త్రి నిపిల్ ముట్టుకోలేదు. తడిసిన చొక్కాతో అలాగే పడుకుని ఆ మాట విన్నాడు.