తల్లివేనా అన్న మాట

మా అత్తమ్మ పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "ఎండ మంచిగుంది, జరసేపు కూసుంటా" అని వరండాలో కుర్చీ వేయించుకుంది. నేను బియ్యం కడిగి వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. ఏళ్ళ తరబడి నర్సుగా ఎందరి బాధనో దగ్గరుండి చూసిన మనిషి, తాను మాత్రం ఏ బాధా పడకుండా వెళ్ళిపోయింది. ఆ తృప్తి మా ఇంట్లో అందరికీ ఉంది.

రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మా ఊరు కోంటాలో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. హిందీవాళ్ళకు సిస్టర్ దీదీ, తెలుగువాళ్ళకు నర్సమ్మ. ఎవరి భాషలో వాళ్ళకు జవాబు చెప్పేది. సూది వేసేటప్పుడు మాత్రం ఏ పిల్లలకైనా తెలుగులోనే "అయిపాయె, అయిపాయె" అనేది. అక్కడి దోర్లా గిరిజనుల పిల్లలు ఇంజెక్షన్‌కే 'అయిపాయె' అని పేరు పెట్టుకున్నారు.

ఆమెకు ఒక్కడే కొడుకు, నా భర్త. డ్యూటీ నుంచి వచ్చి సబ్బుతో స్నానం చేసేదాకా కొడుకును ముట్టుకునేది కాదట. ఈయన బాత్రూం తలుపు బయట నిలబడి ఏడుస్తుంటే, లోపల నీళ్ళ చప్పుడు మధ్య ఆమె గొంతు వినిపిస్తూనే ఉండేదట. "ఇగో చేతులు కడిగిన... ఇగో కాళ్ళు కడిగిన... ఇగ వస్తున్న బిడ్డా!"

నేను భద్రాచలం వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఇంట్లో నాకు తోచడం లేదని, టీకాల రోజున నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేది. మరైగూడ దారిలోని ఒక చిన్న ఊళ్ళో ఆమె పనిచేసే ఒంటిగది ఆరోగ్య కేంద్రం ఉండేది. ఒకరోజు ఒక దోర్లా తల్లి జ్వరంతో కాలిపోతున్న కూతురిని ఎత్తుకొచ్చింది. జ్వరమొచ్చి మూడు రోజులైందట. అత్తమ్మకు కోపం ఆగలేదు.

"ఏంది ఇది? బిడ్డ ఇట్ల కాలుతుంటే ఇప్పుడా తెచ్చేది? తల్లివేనా నువ్వు?"

అక్కడ పదిమందికి పైగా ఆడవాళ్ళున్నారు. ఆ తల్లి తల దించుకుని, మందు తీసుకుని వెళ్ళిపోయింది. పాపకు తగ్గింది. కానీ తర్వాతి టీకాల రోజున ఆమె రాలేదు. ఆ పక్క ఇళ్ళవాళ్ళూ రాలేదు. అత్తమ్మ ఊళ్ళో ఆరోగ్యం పనులు చూసే మితానిన్‌ను పిలిచి అడిగింది. ఆమె నసుగుతూ చెప్పింది.

"నువ్వు తిట్టినదానికి ముందురోజు కూడా ఆమె వచ్చింది దీదీ. పాపను మోసుకుని అంత దూరం నడిచొచ్చింది. తాళం ఉన్నది. నువ్వు ఛుట్టీల ఉంటివి."

ఆ సెలవు నన్ను పుట్టింటి నుంచి తీసుకురావడానికి పెట్టింది. అత్తమ్మ టీకాల డబ్బా మూసి, చెప్పులు వేసుకుని, "నడువు బిడ్డా" అంది నాతో.

"తప్పయిందని ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్తే సరిపోదా అత్తమ్మా?" అన్నాను. అందరూ చూస్తారని నాకు సిగ్గుగా ఉంది.

"అనేటప్పుడు అందరి ముంగట అన్న గద. చెప్పేటప్పుడు చాటుకు పోవుడేంది?"

ఆ తల్లి వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరారు. అత్తమ్మ ఆమె ఎదురుగా కింద కూర్చుని, వచ్చీరాని వాళ్ళ దోర్లీ భాషలో, తాను అన్నది తప్పని, ఆ రోజు లేనిది తానేనని చెప్పింది. ఆమె పూలు సర్దడం ఆపలేదు. సర్దుతూనే ఒక మాట అడిగింది. మితానిన్ అది నాకు తెలుగులో చెప్పింది: "నువ్వు లేని రోజు నేను ఎవరి కాడికి పోవాలె?"

అత్తమ్మ "నేను ఆలోచించాల్సిన మాట అది" అని మాత్రం అంది. అప్పుడు ఆ తల్లి లేచి లోపలికి వెళ్ళి, పాపను తెచ్చి అత్తమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది.

ఆ తర్వాత అత్తమ్మ ఊరు దాటాలంటే ముందే మితానిన్‌కు చెప్పేది. జ్వరం మందు ఆమె దగ్గర ఉంచి, ఎవరికి కబురు పంపాలో, ఏ ఊరికి తీసుకుపోవాలో రెండుసార్లు చెప్పించుకుని మరీ బయలుదేరేది.

ఆ తల్లి వాకిట్లోంచి తిరిగొచ్చిన రోజు సాయంత్రం అన్నం తింటూ అత్తమ్మ అన్న మాట నేను మరువలేను. "వీడికి చిన్నప్పుడు జరమొస్తే నేను డ్యూటీల ఉన్న. నన్ను ఎవ్వరూ తల్లివేనా అని అడగలే."

"నేను అడుగుదామనుకున్న. అప్పటికి నాకు మాటలు రాలే" అన్నాడు కొడుకు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

మొన్న ఆ దోర్లా తల్లీకూతుళ్ళు పరామర్శకు వచ్చి వెళ్ళారు. కూతురు ఇప్పుడు నాకన్నా పొడుగు.

అత్తమ్మ పోవడానికి పదిరోజుల ముందు, నీరసంగా ఉందంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయి సూది వేయడానికి ఇంటికి వచ్చింది. అంత పెద్ద నర్సమ్మకు వేయాలంటే జంకి, ఆ పిల్ల దూదితో ఒకే చోట మూడుసార్లు తుడిచింది. అప్పుడు బయటపడింది, మా అత్తమ్మకు సూదంటే భయమని! మొహం గోడ వైపు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, నా వేళ్ళు నొక్కి పట్టుకుంది.

"అయిందమ్మా" అంది ఆ పిల్ల.

అత్తమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. "అయ్యిందా? తెలవనే లేదు. నీ చెయ్యి మంచిది బిడ్డా" అంది.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. సంచీ భుజానికి తగిలించుకుని, మా సందు చివరిదాకా తన కుడిచేతిని తానే చూసుకుంటూ వెళ్ళింది.