దెబ్బ మీద రంగు

కమిలిన చెంప మొదటిరోజు ఎర్రగా ఉంటుంది. రెండోరోజుకు నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. నాలుగోరోజుకు అంచుల్లో ఆకుపచ్చ, వారం దాటితే పసుపు. మేకప్ పని నాకు మా నాయన నేర్పాడు గానీ, ఈ రంగుల వరుసను ఒక ఆడమనిషి ముఖం నేర్పింది. మూడు ఎండాకాలాలు ఆ ముఖాన్ని నా చేతులతోనే కప్పిపెట్టాను.

మాది నంద్యాల. నాయనకు నాటకాల సామాన్ల అంగడి ఉంది. కిరీటాలు, విగ్గులు, జరీ డ్రస్సులు, చెక్క కత్తులు, వెండి కాగితం చుట్టిన గదలు, అన్నీ ఇనప పెట్టెల్లో ఉంటాయి. ఉగాది దాటిందంటే పాణ్యం నుంచి ఆళ్లగడ్డ దాకా ఊరూరా తిరునాళ్లు, తిరునాళ్లకు పౌరాణిక నాటకం. ఎండాకాలం పొలం పనులుండవు కాబట్టి రైతులే రాజులవుతారు. ఆడవేషాలకు మాత్రం టౌన్లలో ఉండే ఆర్టిస్టులను పిలిపించుకుంటారు. డ్రస్సులు, రంగు మావి. నాయన చేతులు వణకడం మొదలయ్యాక కుంచె నా చేతికొచ్చింది. ఆడమనిషి తమ గడ్డం పట్టుకొని రంగు పూస్తుంటే మొదట్లో మీసాల రైతులు కళ్ళు గట్టిగా మూసుకొని కొయ్యబారిపోయేవాళ్ళు. రెండేళ్లకు అలవాటు పడ్డారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక ఊళ్లో మంత్రి వేషగాడు రంగు పూయించుకుంటూ నా నడుము మీద చేయి వేశాడు. సగం పూసిన ముఖం మీదే లాగి ఒక్కటిచ్చాను. ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి. ఆ అచ్చు మీదనే మిగతా రంగు పూసి స్టేజి మీదికి పంపాను. ఆ రోజు అతని నటన బాగుందన్నారు.

తెర వెనక పనంటే సగం కొట్లాటలు ఆపడమే. గట్టు తగాదా ఉన్న ఇద్దరికి గద వేషాలు ఇవ్వకూడదని నాయన ప్రతి ఊళ్లోనూ చెప్పేవాడు. ఒక ఊరివాళ్ళు వినలేదు. ఇద్దరూ మూడు పద్యాలు పాడి, నాలుగోది మరిచిపోయి, ఉన్న కసంతా తీర్చుకున్నారు. గదలు విరిగాక బెంచీ ఎత్తుకున్నారు. ఒకడి నెత్తి పగిలి నెత్తురు కిరీటం కిందనుంచి కారుతుంటే, జనం అదంతా నటననుకొని ఈలలేశారు. "వన్స్‌మోర్!" అని అరిచారు. బాగున్న పద్యాన్ని మళ్లీ పాడమని అడిగే కేక అది. మా దగ్గర నాటకం గొప్పతనాన్ని దాంతోనే కొలుస్తారు.

జనాన్ని కూడా తప్పు పట్టలేం. రంగుతో దెబ్బలు వేయడంలో నాకంత పేరుంది. యుద్ధం సీనుకు నేను వేసిన గాయం చూసి ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఊళ్లో ముసలామె మూర్ఛపోయింది. ఆమె కొడుకు ఆ ఊరి నాటకం పెద్ద. మర్నాడు నాకు చీర పెట్టి పంపాడు. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

ఇక ఆమె సంగతి. ఆమెది నందికొట్కూరు వైపు. రాణి వేషాలు వేసేది. గొంతు ఎత్తితే మైకు అవసరముండదు. ఆమె మొగుడు హార్మోనియం సారు. మా దగ్గర హార్మోనిస్టంటే వాయించేవాడు మాత్రమే కాదు. రెండు నెలలు ఊళ్లో మకాం పెట్టి, రైతులకు పద్యాలు వల్లె వేయించి, రాగాలు పలికించి, రాజులను తయారుచేసేది ఆయనే. అందుకే ఊరంతా సారుకు దండం పెడుతుంది. ఏ సామాన్ల అంగడిని పిలవాలో కూడా సారే చెబుతాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆయన మాట మీదే.

మొదటి ఎండాకాలం ఆమె నా ముందు కూర్చున్నప్పుడు ఎడమ చెంప ఉబ్బి ఉంది. ఏమైందన్నాను.

"తలుపు తగిలిందక్కా."

"తలుపుకు ఐదు వేళ్లుంటాయా?" అన్నాను. ఆమె నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

అర్దళం అని పసుపురంగు పొడి ఉంటుంది, మేకప్‌కు అదే మూలం. అందులో తెలుపు ఎక్కువ కలిపి, దెబ్బ మీద మూడు పూతలు వేసి, ఆరనిచ్చి, అద్దం చేతికిచ్చాను. దెబ్బ జాడ కూడా లేదు. "నీ చెయ్యి సల్లగుండ," అంది. నేను మురిసిపోయాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నిజంగానే మురిసిపోయాను.

వారం తర్వాత ఇంకో ఊళ్లో మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎడమ చెంపే. నేను అడగకముందే చెప్పింది.

"మొన్న ఉయ్యాలవాడలో నాలుగు వన్స్‌మోర్లు పడినాయక్కా."

"మంచిదే కదా," అన్నాను.

"ఒగో దానికి ఒగోటి," అని చెంప నా వైపు తిప్పింది.

జనం వన్స్‌మోర్ అంటే ఆయనకు మండేది. "వాళ్ళు నీ పాటకు అరుస్తాండారా, నీ మొగానికి అరుస్తాండారా?" అని అడిగి కొట్టేవాడట. పోనీ జనం మెచ్చకుండా తగ్గించి పాడదామంటే, శ్రుతి తప్పి పరువు తీశావని కొట్టేవాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ తర్వాత తెర వెనక ఉండి ఆ కేకలను లెక్కపెట్టేదాన్ని. ఎదురుగా వేలమంది సంతోషంగా అరిచేవాళ్ళు. ఆమె చేతులు జోడించి, నవ్వి, మళ్ళీ ఎత్తుకునేది. నేను రేపటికి ఎంత అర్దళం కావాలో చూసుకునేదాన్ని.

నాయనతో అన్నాను. "మొగుడూ పెండ్లాల నడుమ మనమెందుకు దూరేది మ్మా? సారు సెప్తేనే మనకు ఊర్లు," అన్నాడు. మంత్రి వేషగాణ్ణి కొట్టిన నా చెయ్యి, సారు ముందు మాత్రం నమస్కారం పెట్టింది. నా కోపం కూడా మనిషిని చూసుకొని లేస్తుందని అప్పుడే తెలిసింది. పైగా నేనెంత బాగా కప్పితే ఆయన అంత ధైర్యంగా కొట్టాడు.

మూడో ఎండాకాలం, ఆళ్లగడ్డ దగ్గరి ఆ మూర్ఛపోయిన ముసలామె ఊరు. బడి గదిలో మాకు చోటిచ్చారు. మధ్యాహ్నం నాలుగవుతోంది. నల్లమల వైపునుంచి వడగాలి కొడుతుంటే రంగులు డబ్బాల్లోనే ఎండిపోతున్నాయి. ఆటో దిగి ఆమె గదిలోకి వచ్చింది, వెనకే సారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కంటి కింద చర్మం చిట్లి అట్టకట్టింది. ముందురోజు పాణ్యం దగ్గర ఆరు వన్స్‌మోర్లు.

"ఈ పొద్దు నేను ఆడలేనక్కా," అంది. ఆ మాట నాకే కాదు, నాటకం పెద్దను పిలిపించి ఆయనకూ చెప్పింది. "సారు కొట్టినాడన్నా. కన్ను తెరుసుకోదు. నా చేత కాదు."

పెద్ద తెల్లబోయాడు. సారు వైపు చూశాడు. సారు తొణకలేదు.

"రంగుప్పా అది. ఇంగో ఊర్లో ఏషం ఒప్పుకొనింది, ఈడ ఎగ్గొట్టాల గదా. ఈయమ్మ ఏసిచ్చింది," అని నన్ను చూపించాడు.

పెద్ద నన్ను, ఆమెను మార్చి మార్చి చూశాడు. "అవునుమ్మా. పోయినేడు నువ్వేసిన గాయానికే గదా మా యమ్మ పడిపోయింది," అన్నాడు.

నా పేరే ఆమె మెడకు చుట్టుకుంది. "అన్నా, అది నిజమైన దెబ్బ," అని నేనంటూనే ఉన్నాను, ఆయన తన భుజం మీది టవల్ కొసను నీళ్ల బిందెలో ముంచి, ఆమె కంటి కింద పెట్టి గట్టిగా రుద్దాడు. అంట్లు తోమినట్టు రుద్దాడు. ఆమె వేసిన కేకకు బయట ఆడుకుంటున్న పిల్లలు పరిగెత్తారు. అట్టకట్టిన చోటు పగిలింది. పెద్ద టవల్‌ను వెలుతురుకు పెట్టి చూశాడు. వాసన కూడా చూశాడు.

"నెత్తురే," అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడైనా సారు గల్లా పట్టుకుంటాడనుకున్నాను.

పెద్ద టవల్ మడిచి భుజం మీద వేసుకున్నాడు. "సరే సారూ, నాటకం ఐనాక కూసోని మాట్లాడుకుందాం. ఊరంతా బోర్డులు కట్టినాం. మ్మా, నువ్వు రంగెయ్యి. నీకు తెలియనిదేముంది."

అంతే. మూడేళ్లుగా అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి నెత్తికెక్కింది. చేతికందిన గద తీసుకొని సారు భుజం మీద కొట్టాను. అది తేలిక చెక్క. రెండు ముక్కలైంది. వెండి కాగితం నా వేళ్లకు అంటుకుంది. సారు నవ్వాడు. నా వైపు చూడను కూడా చూడకుండా ఇనప పెట్టె దగ్గరికి పోయి వంగాడు. "సీర నేనే కడ్తా దీనికి, ఎట్ల ఆడదో సూస్తా," అంటూ కుడిచేత్తో రాణి చీర కోసం వెతకసాగాడు. ఎడమచెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు.

నేను పోయి పెట్టె మూత వేసేశాను. వేసి, దాని మీద కూర్చున్నాను.

ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరిచాడు. శ్రుతి గురించి అంత పట్టింపున్న మనిషి, ఆ అరుపు ఏ శ్రుతిలో అరిచాడో నాకు తెలియదు. పెద్ద, ఇద్దరు వేషగాళ్ళు కలిసి నన్ను పక్కకు లాగేదాకా లేవలేదు. ఇంకా కూర్చోవాలనిపించింది.

సారును అదే ఆటోలో ఆళ్లగడ్డ ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆమె కూడా ఎక్కింది. నలిగిన ఆయన చేతిని తన కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆటో కదిలేటప్పుడు తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను చూసింది. నేను మెచ్చుకోలు కోసం వెతికాను. కనబడలేదు.

నాటకం ఆగిపోయింది. ఆడమనిషి చేతిలో దెబ్బ తిన్నాడని బయటికొస్తే సారుకు తలవంపులని కేసు లేకుండా పెద్దలే సర్దేశారు. నేను ఇంటికొచ్చి రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నాను. నంద్యాలలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ కథ చెప్పాను. పెట్టె మూత చప్పుడు నోటితో చేసి మరీ చెప్పాను. ఒక మనిషిని కాపాడానన్న పొగరు నాకు ఏడాదంతా సరిపోయింది.

ఈ ఎండాకాలం మాకు ఊళ్లు తగ్గాయి. సారు వేళ్లు మూడు బిగుసుకుపోయాయని, ఇప్పుడు హార్మోనియం వేరేవాళ్ళు వాయిస్తే ఆయన పక్కన కూర్చొని పద్యాలు మాత్రం చెబుతున్నాడని విన్నాను. పాణ్యం దగ్గరి ఒక ఊరివాళ్ళు సారును అడగకుండా నేరుగా మమ్మల్ని పిలిచారు. పోయాక తెలిసింది, రాణి వేషం ఆమెదేనని.

సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె వచ్చి నా ముందు కుర్చీలో కూర్చుంది. కొంగు తలమీదుగా ముఖానికి కప్పుకొని ఉంది. నేను అలవాటుగా గడ్డం పట్టుకొని ఎడమ చెంప నా వైపు తిప్పుకున్నాను. శుభ్రంగా ఉంది. చిట్లిన చోట సన్నని గీత తప్ప ఏమీ లేదు. సంతోషంతో ఆ చెంపను అరచేత్తో నిమిరాను.

"ఆ పక్క కాదక్కా," అంది. "ఈ పక్క."

కొంగు తీసి కుడి చెంప చూపించింది. నేరేడుపండు రంగు. రెండోరోజు దెబ్బ.

ఆయన ఎడమచేత్తో కొట్టడం నేర్చుకున్నాడు.

నా ముఖం మండిపోయింది. ఏడాదిగా నేను నోటితో చేసిన చప్పుళ్ళన్నీ గుర్తొచ్చాయి. కుంచె విసిరికొట్టాను. "యాడుండాడు? ఆ చెయ్యి గూడ ఇరగ్గొడతా," అని లేచాను. కోపంలో నాకూ ఊరి మాటే వస్తుంది.

ఆమె నా చీర చెంగు పట్టుకొని కూర్చోబెట్టింది.

"చేతులిరగ్గొడితే కాళ్ళుండాయి గదక్కా వానికి," అంది. కోపంగా అనలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఆ పొద్దు ఆస్పత్రి నుంచి యాడికి పోవల్లనో తెలీక వానితోనే ఇంటికి పోయినా. నిన్ను ఒగటడగల్లని అప్పుటినుంచి అనుకుంటాండా. మీ ఇంట్లో నాకింత జాగా ఉంటాదా?"

మూడేళ్లు ఆ ముఖం నా చేతుల్లో ఉంది. రంగు పూశాను, జాలిపడ్డాను, ఆమె తరఫున ఒక మనిషి వేళ్లు విరిచాను. ఆ ఒక్క మాట నేనెన్నడూ అడగలేదు. నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ వేళ్లూ విరిగేవి కావు, ఈ చెంపా కమిలేది కాదు.

అర్దళం డబ్బాకు మూత పెట్టాను.

"పెట్టెలు పెట్టే గది ఉంది. ఇరుగ్గా ఉంటాది. రాత్రిపూట ఎలుకలు తిరుగుతాయి," అన్నాను.

"ఎలుకలు కొట్టవు గదక్కా," అంది.

అప్పుడు చూశాను, కుర్చీ కింద ఆమె బ్యాగు. సర్దుకొనే వచ్చింది.