మామయ్యకు కావలసిన వేలిముద్ర

మా మామయ్యకు మనుషులు వేళ్ల దగ్గర మొదలవుతారు. ఎవరైనా నమస్కారం పెడితే, ఆ చేతులు విడదీసి వేలికొసలు వెలుతురుకు తిప్పి గీతలు చూస్తాడు. "సుడి," అంటాడు. లేదా, "వంపు." బాగున్నారా అన్నది ఆ తరువాతే.

ఆయన డాక్టరు. రక్తం గడ్డకట్టని జబ్బు చూస్తాడు. వంశంలో దిగివచ్చే జబ్బు. అది ఉన్నవాళ్ల వేలిముద్రల్లో ఏదో తేడా ఉండాలని ఆయన పట్టు. జేబులో ఇంకు ప్యాడ్. చొక్కాలు నీలం, తువ్వాళ్లు నీలం. కుదురుగా ఒకచోట కూర్చోడు.

ఒకసారి ఇంట్లో దొంగలు పడ్డారు. ముద్రలు తీయడానికి వచ్చిన పోలీసును కూర్చోబెట్టి, అతని పది వేళ్లూ ఇంకులో అద్దించాడు.

"దొంగ సంగతేంటండీ?" అంది అత్తయ్య.

"దొంగ ఎక్కడికి పోతాడే? ముందు ఈ సుడి చూడు!"

మా అమ్మాయిదీ ఆ జబ్బే. మొన్న పన్ను ఊడింది. రక్తం ఆగలేదు. నరంలోకి మందు ఎక్కిస్తేనే ఆగుతుంది. సూదిని చూడగానే పిల్ల ఆస్పత్రి మంచం కిందకు దూరింది. నర్సు బతిమాలింది. నేను అరిచాను. నోట్లో గుడ్డ ఎర్రబడుతోంది.

మామయ్య వచ్చి నేలమీద బోర్లా పడుకున్నాడు.

"బొటనవేలు ఒకసారి ఇవ్వవే."

"ఇవ్వను."

"నా పరిశోధన ఆగిపోతుంది."

"ఆగిపోనీ."

"నీలాంటి వేలు ఇంకెవరికీ లేదు మరి."

"నిజంగా?" అంటూ మంచం కింద నుంచి బయటికొచ్చింది.

మంచం మీద కూర్చోబెట్టి వేలు అద్దించాడు.

"అయ్యో, చెదిరింది. మళ్లీ."

"తాతయ్యా, నువ్వే కదిపావు!"

"నేనా? నీ చెయ్యే!"

"అబద్ధాలకోరు!"

నేను చూశాను. ముద్ర చక్కగా పడిన ప్రతిసారీ ఆయన మోచేత్తో కాగితాన్ని కదుపుతున్నాడు. ఆ పోట్లాటలోనే అవతలి చేతికి నర్సు మందు ఎక్కించేసి దూది అదిమింది. పిల్ల అటు తిరిగి చూడనే లేదు.

వరండాలో అడిగాను. "ఇంతకీ తేడా ఏమైనా కనబడిందా, మామయ్యా?"

"ఏమీ లేదు. అందరికీ ఉండే గీతలే ఆ జబ్బున్నవాళ్లకూ ఉన్నాయి. ఎప్పుడో తేలిపోయింది."

"మరి ఇంకా ఎందుకు?"

ఆయన బదులు చెప్పేలోగా, రక్తం ఆగిన నోట్లోంచి, పన్నులేని సందులోంచి కేక వచ్చింది.

"తాతయ్యా! ఈసారి నీ చెయ్యి నేను పట్టుకుంటా. కదిపావో, చూడు!"