మంచుదేశంలో తువ్వాలు బేరం

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్తాను. గిన్నెడు పాలు నా నోటికొస్తే బిందెడవుతాయి. పుంగనూరు ఆవు పొట్టిదని లోకమంతా అంటుంది. నేను చెప్పేటప్పుడు అది మంచం కింద దూరి ఆవలి పక్క తేలుతుంది. కాబట్టి మండీలో తరుగు తీసినట్టు, ఇందులోనూ కొంత తీసేసి చదవండి.

ఎనభైల నడుమ సంగతి. మా షడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క మొగుడు, మదనపల్లెలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసేవాడు. కాపురం పుంగనూరులో, మా వీధిలోనే. ఆయన బెంగుళూరు నుంచి టీవీ తెచ్చాడు. దాని యాంటెన్నా కొయ్య ఎంత పొడుగంటే, కాకులు పై కొసకు చేరేలోపు నడుమ వాలి అలుపు తీర్చుకునేవి. కుప్పం స్టేషన్లో సిగ్నలు స్తంభాలన్నీ ఉన్నాయో లేవోనని అక్కడివాళ్ళు ఒకసారి తడిమి చూసుకున్నారట.

టీవీ వచ్చినందుకు నాకేం దిగులు లేదు. వీధిలో ఇంగ్లీషు తెలిసినవాడినని పేరు నాది. తంతి, అదే టెలిగ్రాం, వస్తే చదివించుకోవడానికి అందరూ మా గడపే తొక్కేవాళ్ళు. ఆదివారాలు భూమికి ఉత్తరపు కొసన మంచులో బతికే మనుషుల మీద ఇంగ్లీషులో ఒక సీరియల్ వచ్చేది. దానికి తెలుగు చెప్పాలంటే నేను తప్ప దిక్కెవరు? ఉతికిన చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆయనే చెప్పేస్తున్నాడు. టీవీ పక్కన కుర్చీ, నోట్లో వక్కాకు. తెరమీద మంచుగడ్డలతో ఇల్లు కడుతుంటే, "మన మట్టిమిద్దె మాదిరే. మనది వానకు కారతాది, వాళ్ళది ఎండకు కారతాది" అన్నాడు. ఇంగ్లీషాయన ఒక మాటంటే ఈయన మూడనేవాడు. వీధంతా నోరు తెరుచుకుని వింటోంది. అందరికంటే పెద్దగా తెరిచింది మా ఆవిడ. పెళ్ళయినప్పటి నుంచీ నా మాట అలా విన్నది లేదు. నా కడుపులో అప్పుడు రాజుకున్న మంట ఆ దేశానికి పంపించి ఉంటే, వాళ్ళు కోట్లు విప్పేసి పంచెలు కట్టేవాళ్ళు.

ఆ వారం రెయిన్‌డీర్లను చూపించారు. ఎండిన చెట్టును నెత్తిన పెట్టుకున్నట్టు కొమ్ములున్న దుప్పులు. ఒక దుప్పి పక్కన బొచ్చుకోట్ల మనుషులిద్దరు నిలబడి, ఒకరి కోటు చేతుల్లోకి ఒకరు చేతులు దూర్చుకున్నారు.

మా సంతలో పశువుల బేరం నోటితో జరగదు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియనివ్వరు.

"బేరం జరుగుతాండాది," అన్నాడు షడ్డకుడు. "ఆడ తువ్వాలు లేదు గదా, కోటు కిందనే కానిస్తాండారు."

ముందు వరసలో ఉన్న సంత దళారి సాయిబు మోకాళ్ళ మీద లేచాడు. "ఔనప్పా. ఆ పొట్టాయన మొగం సూడు. రేటు నచ్చలే."

"అన్నా, వాళ్ళు చలికి చేతులు కాచుకుంటాండారు," అన్నాను.

"నీకు ఇంగ్లీషు తెలుసు గానీ తమ్ముడా, సంత తెలీదు."

"నువ్వు ఊరికే ఉండప్పా," అంది మా ఆవిడ. "బావ చెప్తాండాడు గదా."

అంతలో పొట్టాయన చేతులు బయటికి తీశాడు. రెండోవాడు దుప్పి పగ్గం పట్టుకుని మంచులో నడిచిపోయాడు.

"తెగింది బేరం," అని సాయిబు నెమ్మదిగా కూర్చున్నాడు. వీధంతా ఈలలు. మా ఆవిడ లేచి బావకు కాఫీ తెచ్చింది. నా గ్లాసు నా దాకా వచ్చేసరికి దాని మీద మంచుదేశం వాళ్ళు ఇల్లు కట్టుకోవచ్చు.

తరవాత మా వీధికి వచ్చిన తంతి నేరుగా ఆయన గడపకే పోయింది. ఆయనకు ఏబీసీడీలే సగం వచ్చు. అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా మంచిదే" అన్నాడు. తీరా అది కొడుకు పుట్టాడన్న తంతి. ఇక నన్నెవరడుగుతారు?

ఇప్పుడు కల్పించిందేదో చెప్పాలి. కాకులూ కాఫీ పెంచినవే గానీ ఉన్నవే. లేనిది ఒక్కటే: చేతులు కాచుకుంటున్నారని ఆ రోజు నేను అనలేదు. ఇంగ్లీషాయన మాట నాకూ ముక్క అర్థం కాలేదు. నేను నోరు విప్పలేదు కాబట్టి షడ్డకుడూ మా ఆవిడా నన్నేమీ అననూ లేదు. ఆ చలి సంగతి, తరవాతెప్పుడో మదనపల్లె బస్టాండులో తెల్లవారుజామున నా చేతులు నేనే చంకల్లో దోపుకున్నప్పుడు తట్టింది. ఆ రోజు మాత్రం నేనూ సాయిబు వెనకాల మెడ సాచి, దుప్పి చవగ్గా పోయిందే అనుకున్నాను.

అసూయ మాత్రం కల్పించలేదు. కోటు కింద బేరం. అంత మంచి అబద్ధం నాకు ముందు తట్టలేదే అని ఇప్పటికీ నిద్ర పట్టదు.