ఖాళీ కడుపుతో హైదరాబాదుకు

తాండూరు నుంచి హైదరాబాదు ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లేవారు పొద్దుటి ప్యాసింజరే ఎక్కండి. కానీ రోగిని కిటికీ పక్కన మాత్రం కూర్చోబెట్టకండి. నేను కూర్చోబెట్టి అనుభవించాను.

మా అన్నకు ప్రోస్టేటు క్యాన్సరు. రెండేళ్ల కిందట కరెంటు పెట్టించాం. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. తగ్గిందనుకుంటే మళ్లీ వచ్చింది. ఇక ఆ గ్రంథిని కోసి తీసెయ్యడమే దారి అన్నారు పెద్ద డాక్టరు. ముందు మత్తిచ్చి లోపల చూడాలి, మంచినీళ్లు కూడా ముట్టకుండా రండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

ఆరున్నరకు బండి కదిలింది. నాపరాళ్ల గుట్టలు దాటేదాకా అన్న బుద్ధిగానే ఉన్నాడు. వికారాబాదులో బండి కాసేపు ఆగుతుంది. ఆయన ఎదుట టీ తాగడం ఇష్టంలేక నేను కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి ఏముంది! కిటికీ అవతల టిఫిన్ క్యారేజీతో ఆ ఊళ్లోనే ఉండే అన్న వియ్యంకుడు, ఇవతల అన్న నోట్లో జొన్నరొట్టె!

"ఏం జేస్తున్నవే అన్నా?"

"వియ్యంకుడు గింత పొద్దుగాల తెచ్చిండు. వద్దంటే ఏమనుకుంటడు?"

"బిడ్డనిచ్చిన ఇల్లాయె సాబ్, జర మర్యాద ఉండాలె గద," అని ఎదురు సీటు ముసలాయన వంత పాడాడు. నాకు ఒళ్లు మండిపోయింది. హైదరాబాదు దాకా కసురుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఏమైనా తిన్నారా అనడిగితే, "రెండు రొట్టెలే సార్," అన్నాడు అన్న. వచ్చేవారం రమ్మన్నారు. పెద్ద డాక్టరు మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. కరెంటు పెట్టిన చోట కండ అతుక్కుపోయి ఉంటుందట, కొయ్యడం కష్టమట. తర్వాత మూత్రం ఆగకపోవచ్చు. చేయించకపోతే జబ్బు ఎముకలకు పాకవచ్చు.

"మీకు ఇష్టమేనా?"

"సరే సార్," అన్నాడు అన్న.

సాయంత్రం బండిలో కాలు పెట్టే సందు లేదు. శంకర్‌పల్లి దాటాక సీట్లు దొరికాయి. నాకు అనుమానమొచ్చి అడిగాను. "నిజంగ ఇష్టమేనా? డాక్టరు మొహం జూసి సరే అన్నవా?"

"మొహం జూసే అన్న. నాకు భయమైతుంది తమ్మీ. మూత్రం ఆగకుంటే నలుగుర్ల ఎట్ల కూసుంట? డాక్టరుకు వద్దని నువ్వు చెప్పరాదు?"

పొద్దుట్నుంచీ అరిచిన నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నేను చెప్ప. నువ్వు నాకు గావాలె," అన్నాను.



"సరే తియ్," అన్నాడు.

ఎవరినీ కాదనలేని మనిషి నన్నూ కాదనలేదు. తాండూరులో దిగి రిక్షా ఎక్కేదాకా నేనాయన మొహం చూడలేకపోయాను.