ఒక చేత్తో చదివే పుస్తకం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది ఏప్రిల్‌లో నన్ను ఢిల్లీలోని ఒక ప్రభుత్వాసుపత్రి ప్రచురణల విభాగానికి సీనియర్ ప్రొడక్షన్ ఆఫీసరుగా వేశారు. అప్పగించిన పని ఒక్కటే: నర్సింగ్ శిక్షణ చేతిపుస్తకాన్ని ఇంటరాక్టివ్ డిజిటల్ పుస్తకంగా చేసి ఆన్‌లైన్‌లో పెట్టడం. దేశ రాజధానిలో ప్రభుత్వం తరఫున అలాంటి పుస్తకం తెచ్చిన మొదటి మనిషిని నేనే. సరే, మా అంతస్తులో మొదటి మనిషిని. లెక్కల విభాగంవాళ్లు తమది ముందొచ్చిందంటారు గానీ, అది ఎవరికీ తెరుచుకోదు కనక నేను ఒప్పుకోను.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంటరాక్టివ్ అంటే చదివేవాళ్లు ముట్టుకుంటే పుస్తకం బదులు చెప్పాలి. గాయానికి కట్టు మార్చే పాఠంలో ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడిగి, తప్పు జవాబు నొక్కితే ఎందుకు తప్పో చూపించాలి. హోస్టింగ్ అంటే ఆ ఫైళ్లను ఎప్పుడూ నిద్రపోని ఒక కంప్యూటర్లో ఉంచి, వాటికో చిరునామా ఇవ్వడం. మాది ప్రభుత్వ సర్వర్ కనక ఎక్కించేముందు సెక్యూరిటీ ఆడిట్ కావాలి. బయటివాళ్లు చొరబడే సందులేవీ లేవని నిపుణులు పరీక్షించి రాసివ్వాలి.

పుస్తకం రాసింది నర్సింగ్ ట్యూటర్ సిస్టర్ రత్నకుమారి. ఊరు బాపట్ల, కాపురం జనక్‌పురి. ఏళ్ల తరబడి జిరాక్సు కాగితాలతో పాఠాలు చెప్పి, చివరికి వాటినే పుస్తకం చేశారు. జూన్‌లో కొత్త బ్యాచ్ తొలిసారి వార్డులో అడుగుపెడుతుంది. ఆ రోజుకు పుస్తకం వాళ్ల ఫోన్లలో ఉండాలన్నది ఆవిడ పట్టు. ఆ తర్వాతి బ్యాచ్‌కి ఆవిడ సర్వీసులో ఉండరు.

డిజైనంతా నాదే. అంటే, ఎలా ఉండాలో చెప్పింది నేను; కోడ్ రాసింది అనూష, ఢిల్లీ పక్కనున్న వైశాలి నుంచి మెట్రోలో వచ్చే కాంట్రాక్టు డెవలపర్. తెలుగువాళ్లమ్మాయే. నేను తెలుగులో చెబితే హిందీలో బదులిచ్చేది. నేను ప్రెస్సుల చుట్టూ తిరిగి తల నెరిసినవాణ్ణి కదా, పుస్తకమంటే పుస్తకంలాగే ఉండాలన్నాను. ఎడమ పేజీలో ఫొటో, కుడి పేజీలో వివరణ, మధ్యలో మడత, వేలితో లాగితే పేజీ తిరగడం, దానికి కాగితం చప్పుడు. ఫొటోలు ప్రెస్సుకు పంపే నాణ్యతలోనే. మీటింగు గదిలో పెద్ద తెర మీద చూపిస్తే డైరెక్టరుగారు ఒకే పేజీని మళ్లీ మళ్లీ తిప్పించుకుని మురిసిపోయారు. ఆడిట్ అయింది, ఆమోదం సంతకం పడింది. అచ్చు పనిలో దాన్ని ప్రింట్ ఆర్డర్ అంటాం; అది పడ్డాక కామా కూడా కదల్చకూడదు.

మే నెలాఖరున సిస్టర్ ఫోన్ చేసి పుస్తకం పనికిరావడం లేదన్నారు. మీ ఫోను పాతదేమో చూసుకోండన్నాను. ఒకసారి వచ్చి చూడమన్నారు.

శిక్షణ గదిలో మంచం మీద బొమ్మ పేషెంటును పడుకోబెట్టి ఇద్దరు నర్సుల చేత కట్టు మార్పించారు. వాళ్ల పద్ధతి నాకు అప్పటిదాకా తెలీదు. నేర్చుకునేటప్పుడు ఒకరు చదువుతారు, ఒకరు చేస్తారు. చేసే అమ్మాయికి గ్లౌజులు, ఫోను ముట్టుకోకూడదు. చదివే అమ్మాయికి ఒక చేతిలో ట్రే, రెండో చేతిలో ఫోను. నేను పెట్టించిన బరువైన ఫొటోలు ఫోనులోకి దిగడానికే బోలెడంత సేపు పట్టింది. దిగాక రెండు పేజీలూ కలిసి అగ్గిపెట్టెంతయ్యాయి. పెద్దవి చేసుకోవాలంటే రెండో చెయ్యి కావాలి, అది ఖాళీ లేదు.

“చప్పుడు భలే ఉందండీ బ్రదర్‌గారూ,” అన్నారు సిస్టర్. “ట్రే మాత్రం మీరు పట్టుకోవాలి. రోజూ వస్తారా?”

నాకు మండింది. సంతకం అయిపోయిందని, మారిస్తే మళ్లీ ఆడిట్ అని, డైరెక్టరుగారికి తెగ నచ్చిందని ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విన్నారు.

“ఇది నా ఆఖరి బ్యాచండీ,” అన్నారు.

ఆఫీసుకొచ్చి అనూషకు చెప్పాను. “మైనే తో పెహలే హీ బోలా థా, అంకుల్,” అంది. ముందే చెప్పిందో లేదో నాకు గుర్తులేదు. గుర్తుంది, చెప్పింది.

పేజీలు తీసేశాం. ఒక్కో మెట్టుకు ఒక్కో తెర: పైన కుదించిన ఫొటో, కింద రెండు వాక్యాలు, బొటనవేలికి అందేచోట పెద్ద బటన్. ‘ఫలానా పేజీ చూడండి’ అన్నచోటల్లా, నొక్కితే తీసుకెళ్లే లింకు. ఆడిట్‌వాళ్ల దగ్గరికి నేనే వెళ్లి కూర్చున్నాను. పెట్టినవాటికంటే తీసేసినవే ఎక్కువ కనక త్వరగానే తేల్చారు. డైరెక్టరుగారి కోసం అట్ట ఒక్కటి తిరిగేలా ఉంచాం, అదీ పెద్ద తెర మీద తెరిస్తేనే. ఆయన అట్ట దాటి లోపలికి వెళ్లినట్టు నాకు సమాచారం లేదు.

వార్డు రోజున వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒకమ్మాయి ట్రే పట్టుకుని చదువుతోంది, ఇంకో అమ్మాయి కట్టు మారుస్తోంది. ఫోను మీద బొటనవేలు ఒక్కటే కదులుతోంది. ఒకచోట తప్పు నొక్కితే పుస్తకం ఆపింది. ఇద్దరూ మళ్లీ చదువుకుని సరిగ్గా చేశారు. పుస్తకం అందంగా ఉందని ఎవరూ అనలేదు. సిస్టర్ నన్ను చూసి తలూపి, మళ్లీ పిల్లల వైపు తిరిగిపోయారు. నా సర్వీసులో అంతకంటే గర్వపడిన రోజు లేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారు సాఫ్ట్‌వేర్ ఏది, సర్వర్ ఏది అని ముందు అడుగుతారు. అవి తర్వాతి సంగతులు. చదివే మనిషి ఎక్కడ నిలబడి ఉంటారు, ఏ చెయ్యి ఖాళీగా ఉంటుంది అన్నది ముందుగా వెళ్లి చూడాలి. తర్వాత నేను చేసిన డిజిటల్ పుస్తకాలన్నిటికీ అలా వెళ్లి చూశాకే పని మొదలుపెట్టాను. అన్నిటికీ అంటే, రిటైరయ్యేలోగా రెండిటికి.