వట్టి నెలలు

ఆ హోటల్ లాండ్రీ భవనం అడుగున, కిటికీల్లేని గదిలో ఉంటుంది. ఒక పక్క గిరగిరా తిరిగే వాషింగ్ మెషీన్లు, ఇంకో పక్క ఆవిరి చిమ్మే ఇస్త్రీ బల్లలు. అక్కడి ఆడవాళ్లందరికన్నా ముందు పనిలో చేరిన మనిషి కాబట్టి ఆమెను అందరూ పెద్దక్క అనేవాళ్లు. నలభై దాటింది. ఎంత నలిగిన దుప్పటైనా ఆమె చేతిలో పడితే అద్దంలా తయారయ్యేది. మాట మాత్రం పొదుపు.

ఒకరోజు పొద్దున తడి దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే గంజి వాసన గుప్పుమంది. పెద్దక్కకు కడుపులో తిప్పింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌కు పరుగెత్తింది. ఏళ్ల తరబడి పీలుస్తున్న వాసనే అది, ఏనాడూ ఏమీ చెయ్యలేదు. మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, నెలసరి వచ్చి చాలా రోజులైంది.

అంతకు ముందు రెండుసార్లు ఆమెకు నెల తప్పింది. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. ఆ సంగతి బయటపడింది స్కానింగ్ గదిలోనే. పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, తెర వంక చూసి, "గుండె కొట్టుకోవట్లేదమ్మా" అన్నారు. ఆ గదిలో అడుగు పెట్టేదాకా బిడ్డ బతికే ఉందని, పెట్టాకే పోయిందని ఆమె మనసులో ఎక్కడో నాటుకుపోయింది. తప్పని తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే భయం కాదది. ఈసారి పరీక్షలూ వద్దు, స్కానింగులూ వద్దు, కడుపు నలుగురికీ కనపడేదాకా డాక్టరు మొహం చూసేది లేదు అని గట్టిగా అనుకుంది.

ఇంట్లో ముందు పసిగట్టింది అత్తగారు. పెరట్లో కోడలు వాంతి చేసుకుంటుంటే వెనకాల నిలబడి చూసి, ఏమీ అడగకుండా లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ కోడలితో సూటిగా మాట్లాడింది తక్కువ. అన్నీ గోడకు చెప్పినట్టు చెప్పేది.

"ఎన్నో నెలే?" అంది ఆ రోజు.

"మూడో నెలేమో అత్తా. ఎవరికీ చెప్పకు."

"నాకెందుకు చెప్పుకోవడం? నా నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ, ఇది నానుద్దిలే" అంటూ కోడలి వీపు నిమిరింది.

వాటర్ ట్యాంకర్ నడిపే మొగుడు ఆ సాయంత్రం విని, "నిజమేనా?" అని ఒక్క మాట అడిగాడు. అని గోడవైపు తిరిగి చొక్కా విప్పుకోవడం మొదలుపెట్టాడు. బొత్తాలు ఎంతకీ ఊడిరాలేదు. వెనకనుంచి చూస్తే చెవులు ఎర్రబడి ఉన్నాయి. నవ్వు దాచుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది.

మూడో నెల దాటింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. నాలుగో నెలకు రొమ్ములు బరువెక్కి, ముట్టుకుంటే నొప్పి పుట్టేవి. మొనలు నల్లబడ్డాయి. జాకెట్ల కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. బొడ్డు కిందనుంచి సన్నటి నల్లగీత దిగింది. స్నానం చేసేటప్పుడు దానిమీద వేలు పెట్టి కిందిదాకా గీసుకుని చూసుకునేది. పొట్ట ముందుకొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నడవడం తనకు తెలియకుండానే అలవాటైంది. ఇక దాచేందుకేం మిగల్లేదు.

లాండ్రీలో పండగైంది. పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే పిల్లను వాగుడుకాయ అంటారు. "అక్కా, నువ్వు మాట్లాడవు గానీ చేసే పనులు మాత్రం చేస్తున్నావు" అనేసరికి గదంతా గొల్లుమంది. సూపర్‌వైజర్ ముసలాయన ఆవిరి దగ్గరనుంచి తప్పించి, కూర్చుని దిండుగలేబులు మడతపెట్టే పని ఇచ్చాడు.

ఐదో నెలలో కదిలింది. గలేబు మడత సగంలో ఆపి ఆమె అలాగే ఉండిపోయింది. నీళ్లలో చేపపిల్ల తోక ఆడించినట్టు, ఒకసారి, మళ్లీ ఒకసారి. ఇంటికొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టించింది.

"ఏదీ, నాకు తెలీట్లేదే."

"ఆగు. నీ చెయ్యి మొరటు. దానికి భయం."

అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కాసేపటికి, "ఆ... ఆ... తగిలింది" అన్నాడు. నిజంగా తగిలిందో, ఆమె కోసం అన్నాడో, అతనికే తెలియదు.

ఆరో నెల నడుస్తుండగా పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. అత్తగారు ఇక ఊరుకోలేదు. "భయం సంగతి తర్వాత. ముందు డాక్టరుకి చూపించు. రేపు పురిటికి ఎవరి దగ్గరికి పోతావు, నా దగ్గరికా?" అని పట్టుబట్టింది. ముగ్గురూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు.

డాక్టరమ్మ చిన్న వయసుది. పొట్ట మీద చేతులు వేసి నొక్కి చూసింది. మళ్లీ చూసింది. చెయ్యి అక్కడే ఉంచి, "ఇదివరకు ఎక్కడా చూపించుకోలేదా?" అంది. తర్వాత స్కానింగ్ గది. అదే చల్లటి జెల్లు. పెద్దక్క కళ్లు గట్టిగా మూసుకుంది. ఏ మాట వినబడుతుందో ఆమెకు కంఠతా వచ్చు.

వినబడింది వేరే మాట.

"అమ్మా, గర్భసంచిలో ఏమీ లేదు."

"పోయిందా?"

"పోలేదు. అసలు రాలేదు."

ఆమె లేచి కూర్చుంది. "కదులుతోంది డాక్టరమ్మా. ఇదిగో, ఇప్పుడు కూడా. చెయ్యి పెట్టి చూడండి" అంటూ డాక్టరు చెయ్యి లాక్కుని పొట్టకు ఆనించుకుంది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కు తీసుకోలేదు. మెల్లగా చెప్పింది. వయసు వల్ల నెలసరి ఆగిందట. బిడ్డ కావాలన్న ఆశ గట్టిదైతే ఎక్కడో నూటికో కోటికో ఒకరికి ఒళ్లు దాన్ని నమ్మేస్తుందట. వేవిళ్లూ, పొట్టా, రొమ్ముల్లో మార్పులూ అన్నీ నిజంగానే వస్తాయట. కదిలేది పేగులట. "మీరు అబద్ధమాడలేదమ్మా. మీ తప్పేం లేదు" అంది.

బయట బల్ల మీద కూర్చున్న మొగుడికి కూడా అదే చెప్పింది. అతను అంతా విని, "మరి నా చేతికి తగిలిందే" అన్నాడు.

దారి పొడుగునా అత్తగారు నోరు విప్పలేదు. గుమ్మం దాటాక విప్పింది. "ఇంతకాలం గాలిని మోసుకు తిరిగి మమ్మల్ని పిచ్చివాళ్లను చేసింది. నలుగురిలో తలెత్తుకోనివ్వకుండా చేసింది." మళ్లీ గోడకే చెప్పింది. మొగుడు ట్యాంకర్ తాళాలు తీసుకుని బయటికి పోయాడు.

లాండ్రీలో ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. తనంతట తనే ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. వాగుడుకాయ కళ్లనీళ్లు పెట్టుకుని, "ఏమైందక్కా? పోయిందా?" అని అడిగింది. అవునంటే సరిపోయేది. అందరూ చుట్టూ చేరి ఏడ్చేవాళ్లు, ఆమెనూ ఏడవనిచ్చేవాళ్లు. కానీ ఆ మాట నోటికి రాలేదు. పోయిన ఇద్దరి పక్కన దీన్ని ఎలా చేర్చడం? "ఏం లేదులే" అంది. ఎలాగో సంగతి పొక్కింది. ఎవరో గాలికడుపు అని పేరు పెట్టారు. ఆమె గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అన్నిటికన్నా మెషీన్ల చప్పుడే నయమనిపించేది.

ఒళ్లు మాత్రం వెంటనే వినలేదు. పాదాల వాపు తగ్గింది, వేవిళ్లు పోయాయి, పొట్ట కొద్దికొద్దిగా లోపలికి దిగింది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు లోపల చేపపిల్ల కదిలేది. పేగులని తెలుసు. తెలిసీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్లీ కదులుతుందేమోనని ఆగేది. ఒకసారి అలా ఆగి దుప్పటి మాడ్చింది. కొన్నాళ్లకు అదీ ఆగిపోయింది. ఏ రోజున ఆగిందో ఆమె గమనించలేకపోయింది. అందుకు తనను తాను క్షమించుకోలేకపోయింది.

అత్తగారు కూతురింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరు. మొగుడు మంచివాడే. చెయ్యి చేసుకోలేదు, మాట అనలేదు, వేళకు ఇంటికొచ్చేవాడు. పడుకునేటప్పుడు మాత్రం మంచం అవతలి అంచుకు జరిగి అటు తిరిగేవాడు. ఆమె ఒళ్లు మళ్లీ ఏ అబద్ధం చెబుతుందోనని భయపడుతున్నట్టు.

ఒక సాయంత్రం అన్నానికి కూర్చుని గిన్నెలోకి చూశాడు.

"ఇంత వండావేం? ముగ్గురికి సరిపోతుంది."

"చెయ్యి అలవాటు" అంది ఆమె.

ఇద్దరూ తిన్నారు. మిగిలింది ఆమె మూతపెట్టి, పొద్దున టిఫిన్ డబ్బాలో సర్దుకుని పనికి పోయింది.